మూడో సిలిండరు, నాన్నగారి నోటు పుస్తకం, నూరేళ్ళ సీసం

2004 వేసవిలో మా ఇంటి అంబాసిడరు కారుకు వణుకు పట్టుకొంది. రోడ్డు మీద నలభై, యాభై వేగంతో పోతున్నంతసేపూ బుద్ధిగానే ఉండేది. రైల్వే గేటు పడి ఆగామా, ఇక చూసుకోండి: బానెట్టు అదిరేది, స్టీరింగు అదిరేది, వెనుక సీట్లో అమ్మ ఒళ్ళోని స్టీలు క్యారియరు గిన్నెలు కూడా గలగలమనేవి. "మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఇట్లా లేదురా" అనేది అమ్మ. నాన్నగారు పోయి అప్పటికి ఏడాది. ఆ మాటలో కారు మీది ఫిర్యాదు కంటే నా మీది ఫిర్యాదే ఎక్కువగా వినిపించేది నాకు.

ఆ వణుకుకు కారణం వెదుకుతూ బయలుదేరిన నేను చివరికి తేలింది విజయవాడ ఆటోనగర్‌లో కాదు, అమెరికాలో ఒహాయో రాష్ట్రపు డేటన్ అనే ఊళ్ళో, 1921వ సంవత్సరంలో. ఆ ప్రయాణం గురించే ఈ టపా. కాస్త పొడవైనది. ఓపిక ఉన్నవారు కాఫీ తెచ్చుకొని కూర్చోండి.

* * *

ముందుగా బండి వంశవృక్షం చెప్పాలి.

మాది 1976 నాటి మార్క్ త్రీ. నాన్నగారు 1984లో సెకండ్ హ్యాండులో కొన్నారు. అంబాసిడరుకు మన దేశపు కారుగా ఎంత పేరున్నా, దాని పుట్టినిల్లు ఇంగ్లండు. అక్కడ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అని అమ్మిన కారే ఇక్కడ అంబాసిడరు అయింది. బిర్లాలు హిందుస్థాన్ మోటార్స్‌ను 1942లో స్థాపించారు. మొదట నేటి గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో పని మొదలుపెట్టి, 1948లో కలకత్తా పక్కనున్న ఉత్తరపాడాకు మార్చారు. అక్కడే 1957లో అంబాసిడరు పుట్టింది, 2014 మే నెలలో అక్కడే దాని తయారీ ఆగిపోయింది. మధ్యలో తరాలు గడిచాయి గాని, ఆకారం పెద్దగా మారలేదు.

ఇంజను సంగతి వేరు. మొదట్లో పాత పద్ధతి సైడ్ వాల్వ్ ఇంజను ఉండేది. 1959లో దాని స్థానంలో 1489 సీసీల ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చింది. ఆస్టిన్, మోరిస్ సంస్థలు 1952లో కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌గా ఏర్పడ్డాయి. ఆ సంస్థ బి-సిరీస్ అని పిలిచిన ఇంజను ఇది. ఇదే 1489 సీసీల ఇంజనుకు మరికొంత సత్తువ చేర్చి 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోనూ పెట్టారు. అంటే మన కలెక్టర్లనూ, పెళ్ళికొడుకులనూ మోసిన ఇంజనూ, ఇంగ్లండులో కుర్రకారు పందేలకు తోలిన ఇంజనూ అన్నదమ్ములే.

ఈ ఇంజను హెడ్డు మొత్తం పోత ఇనుము. వాల్వు వచ్చి కూర్చునే సీటును విడిగా చేసి అమర్చలేదు. ఆ పోత ఇనుములోనే చెక్కారు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి, తరువాత దీనితో పని పడుతుంది.

* * *

మొదట ఊళ్ళోనే ఒక షెడ్డుకు తీసుకువెళ్ళాను. పేరెందుకు లెండి. "మిస్సింగ్ కొడుతోంది సార్" అన్నారు చూడగానే. అది నిజమే. ప్లగ్గులు మార్చారు. సీబీ పాయింట్లు, కండెన్సరు మార్చారు. వారం తిరక్కుండా మళ్ళీ వెళితే కాయిల్ మార్చారు. మూడోసారి కార్బొరేటరు విప్పి, కడిగి, కొత్త కిట్టు వేశారు. ఒక్కొక్కసారీ రెండు రోజులు బాగున్నట్టు అనిపించేది. అది నా ఆశ తప్ప మరేమీ కాదు. డబ్బు నాలుగు వేలు దాటింది. వణుకు మాత్రం అలాగే ఉంది.

వాళ్ళను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. పాత పెట్రోలు బళ్ళలో చాలావాటికి ఆ మందులతోనే నయమవుతుంది. కాని రోగం తెలియకుండా మందు మార్చుకొంటూ పోవడం వైద్యం కాదన్న సంగతి నాకు తరువాత బోధపడింది. బోధపరచినవారు ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రీ. అప్పటికే డెబ్బై దరిదాపుల్లో ఉన్నారు. ఆటోనగర్ ఏర్పడక ముందే, పన్నెండేళ్ళ వయసులో, బెజవాడలో లారీ షెడ్డులో పనికి చేరినవారు.

ఆయన బానెట్టు తెరవలేదు. ముందు నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు.

"ఎప్పటి నుంచి బాబూ?"

"రెండు నెలలుగా, మేస్త్రీ గారూ."

"పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినాకా?"

"వేడెక్కాక ఎక్కువ."

"ఆగినప్పుడా, లాగేటప్పుడా?"

"ఆగినప్పుడే."

"ఏమేం మార్చారు? మార్చినాక తేడా ఏమన్నా వచ్చిందా, రాలేదా? నిజం చెప్పు."

చెప్పాను. తరువాత ఇంజను స్టార్టు చేయించి, కారు వెనక్కు వెళ్ళారు. పాత దినపత్రిక నుండి జానెడు పేలిక చింపి సైలెన్సరు గొట్టం మూతి దగ్గర పట్టుకొన్నారు. కాగితం బయటికి రెపరెపలాడుతోంది. ఉండి ఉండి, తాళం తప్పిన డోలులా, ఒక్కసారి వెనక్కు గొట్టంలోకి లాగినట్టు అవుతోంది. మేస్త్రీ గారు ఏమీ అనలేదు. ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొన్నారు.

అప్పుడు బానెట్టు ఎత్తారు. ఇంజను నడుస్తుండగానే, పొడి గుడ్డ చుట్టిన కటింగ్ ప్లేయరుతో ఒక్కొక్క ప్లగ్గు వైరునూ పైకి లాగి మళ్ళీ పెట్టసాగారు. మొదటి వైరు లాగితే ఇంజను కుంటింది. రెండోది లాగినా కుంటింది. నాలుగోది లాగినా అంతే. మూడోది లాగితే మాత్రం ఏ మార్పూ లేదు. ఉన్నా లేకపోయినా ఒకటే అన్నమాట. నలుగురు మోయవలసిన పల్లకీని ముగ్గురే మోస్తున్నారు.

మూడో ప్లగ్గును మొదటి సిలిండరులోకీ, మొదటిదాన్ని మూడోదానిలోకీ మార్చారు. జబ్బు మూడో సిలిండరులోనే ఉండిపోయింది, ప్లగ్గుతో పాటు తరలలేదు. వైరు కూడా మార్చి చూశారు. ఫలితం అదే. అప్పుడు నావైపు తిరిగి ఒక మాట అన్నారు. ఇన్నేళ్ళుగా నేను దాన్ని మరచిపోలేదు.

"నలుగురూ తినే అన్నంలో తేడా ఉంటే నలుగురికీ కడుపునొప్పి రావాలి బాబూ. ఒక్కడికే వచ్చిందంటే వంటను అనకూడదు. వాడి పొట్ట చూడాలి."

ఆలోచించి చూడండి. పాయింట్లు ఒకే జత, నాలుగు సిలిండర్లకూ అవే. కండెన్సరు ఒకటే, కాయిల్ ఒకటే, కార్బొరేటరు ఒకటే. వాటిలో లోపముంటే నాలుగూ కుంటాలి. పోనీ, ఇన్‌టేక్ మానిఫోల్డు దగ్గర ఎక్కడైనా గాలి దూరుతోందా అంటే, ఈ ఇంజనులో మూడో నాలుగో సిలిండర్లకు గాలి వచ్చే దారి ఒకటే. అప్పుడు రెండూ జబ్బు పడాలి. నేను నాలుగు వేలు పోసి మార్పించినవన్నీ నలుగురూ తినే అన్నమే. ఐదు నిమిషాల ప్లగ్గు వైరు పరీక్ష ముందే చేసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

తరువాత కంప్రెషన్ గేజీ పెట్టారు. మొదటి సిలిండరు 125 పౌన్లు, రెండోది 120, నాలుగోది 125. మూడోది 70. ప్లగ్గు రంధ్రం గుండా చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్ళీ చూశారు. పిస్టను రింగులు అరిగి ఉంటే నూనె ఆ సందులు పూడ్చి కంప్రెషన్ పెరగాలి. పెరగలేదు. హెడ్ గాస్కెట్టు రెండింటి మధ్య పోయి ఉంటే పక్క సిలిండరు కూడా పడిపోవాలి. పడిపోలేదు. ఇక మిగిలింది వాల్వు. కాగితం పేలిక మొదటే చెప్పిన సంగతి అదే: మూసుకోవలసిన ఎగ్జాస్టు వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. పిస్టను కిందికి దిగేటప్పుడు సైలెన్సరు వైపు నుంచి కూడా పీలుస్తోంది.

ట్యాపెట్ కవరు విప్పారు. ఎనిమిది వాల్వుల ఇంజనుకు పాత మేస్త్రీలందరికీ తెలిసిన తొమ్మిది లెక్క ఒకటుంది. ఏ వాల్వు సందు చూడాలంటే, దానితో కలిపి తొమ్మిది అయ్యే వాల్వు పూర్తిగా తెరుచుకొని ఉండాలి. మూడో సిలిండరు ఎగ్జాస్టు వరుసలో ఐదోది. కాబట్టి నాలుగో వాల్వు తెరిచి, ఐదోదాని సందులో ఫీలర్ గేజీ పెట్టారు. చల్లటి ఇంజనులో అక్కడ పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను, ఖాళీ ఉండాలి. పదిహేను రేకు దూరలేదు. పది దూరలేదు. అన్నిటికంటే పలుచని రేకు కూడా దూరలేదు. సందే లేదు.

* * *

అప్పుడు నాకు నాన్నగారి నోటు పుస్తకం గుర్తుకు వచ్చింది.

నాన్నగారిది లెక్కల మనిషి స్వభావం. డ్యాష్‌బోర్డు అరలో గళ్ళ నోటు పుస్తకం ఒకటి ఉండేది. పెట్రోలు పోయించిన తేదీ, లీటర్లు, మీటరు అంకె, చేయించిన పని, ఇచ్చిన డబ్బు అందులో వ్రాసేవారు. నేను ఆ అలవాటును చూసి నవ్వేవాడిని. ఆయన పోయాక ఆ పుస్తకం తెరవలేదు. నవ్వు రాకపోవడమే కారణం.

మేస్త్రీ గారు, "ట్యాపెట్లు అని ఉన్నచోటల్లా చదువు బాబూ" అన్నారు. చదివాను. 1991లో ఒకసారి: చూశాడు, సరిగ్గానే ఉన్నాయి. 1994లోనూ, 1997లోనూ అదే మాట. తరువాత 2001 జూలై: బిగుసుకొన్నాయి, వదులు చేశాడు. 2002 ఫిబ్రవరి: వదులు చేశాడు. 2002 ఆగస్టు: మళ్ళీ. 2002 డిసెంబరు: మళ్ళీ. ఆ చివరిదాని కింద నాన్నగారి చేతివ్రాతలో ఒక వాక్యం ఉంది: "ఇంజను మునుపటి కంటే నిశ్శబ్దంగా ఉంది. సంతోషం."

అది చదివి మేస్త్రీ గారు తల ఊపారు. ట్యాపెట్ల సందు ఎక్కువైతే టకటకమని చప్పుడు చేస్తుంది, ఎవరైనా పట్టుకొంటారు. సందు తగ్గితే చప్పుడు తగ్గుతుంది, ఎవరూ అనుమానించరు. వాల్వు తన సీటును అరగదీసుకొంటూ హెడ్డులోకి దిగబడిపోతే, దాని కాడ పైకి లేచి సందును మింగేస్తుంది. సందు పూర్తిగా పోయిననాడు వాల్వు గట్టిగా మూసుకోదు. మూసుకోని వాల్వు తన వేడిని సీటుకు దించుకోలేదు. ఎర్రగా కాలి అంచు పగులుతుంది. నాన్నగారు సంతోషించిన ఆ నిశ్శబ్దమే జబ్బు ముదురుతోందనడానికి గుర్తు. 2003లో ఆయన మంచం పట్టాక ట్యాపెట్లు చూసినవారు లేరు. పుస్తకంలో ఆ తరువాత పుటలు ఖాళీ.

"మరి 1997 దాకా లేని జబ్బు 2001లో ఎందుకు వచ్చింది మేస్త్రీ గారూ?" అని అడిగాను.

"పెట్రోల్లో సీసం తీసేశారుగా బాబూ. ఆనాటి నుంచి పాత బళ్ళన్నిటికీ ఇదే గతి. మంచి బళ్ళను చంపుకొన్నారు" అన్నారు ఆయన. ఆ మాటలో నిజమైన కోపం ఉంది. ఆ పూట నేనూ ఆ కోపంలో పాలు పంచుకొన్నాను.

* * *

తరువాత కొన్ని నెలల పాటు ఈ సీసం కథ చదివాను. చదివినకొద్దీ నా కోపం మరోవైపు తిరిగింది.

కథ చార్లెస్ కెటరింగ్‌తో మొదలవుతుంది. ఒహాయో రాష్ట్రం డేటన్ పట్టణంలో నగదు లెక్కపెట్టే యంత్రాల కంపెనీలో పనిచేసిన ఇంజనీరు. 1909లో మిత్రుడు ఎడ్వర్డ్ డీడ్స్‌తో కలిసి డెల్కో సంస్థను స్థాపించాడు. బ్యాటరీ, కాయిల్, పాయింట్లు, డిస్ట్రిబ్యూటరు కలిసి ప్లగ్గులో నిప్పు పుట్టించే ఏర్పాటు ఆయన మలచినదే. మా ఊరి షెడ్డువారు నా కారులో మార్చిన పాయింట్లూ, కండెన్సరూ ఆ కెటరింగ్ సంప్రదాయానివే. 1912 మోడల్ కాడిలాక్ కార్లలో హ్యాండిల్ తిప్పే బాధను తప్పించిన సెల్ఫ్ స్టార్టరు కూడా ఆయనదే.

ఆ రోజుల్లో ఇంజన్లకు మరో రోగం ఉండేది. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల సుత్తితో కొట్టినట్టు టంగుటంగుమని మోత. నాకింగ్ అంటారు. కొందరు నెపం కెటరింగ్ బ్యాటరీ ఏర్పాటు మీద వేశారు. తన సంతానం మీద వచ్చిన నింద కాబట్టి, ఆ మోతకు కారణం కనిపెట్టే పనిని తన ప్రయోగశాలలో చేరిన థామస్ మిడ్జ్‌లీ అనే యువ ఇంజనీరుకు 1916లో అప్పగించాడు. లోపం నిప్పుది కాదు, ఇంధనానిది అని వారు తేల్చారు. ఆ నిదానం సరైనదే.

అక్కడొక విచిత్రం జరిగింది. ఎర్రటి ఆకులుండే ఒక మొక్క మంచు కరగకముందే పూస్తుంది గనుక, ఎరుపు వేడిని పీల్చుకొంటుంది గనుక, ఇంధనానికి ఎర్ర రంగు వేస్తే అది త్వరగా ఆవిరై మోత తగ్గవచ్చునని వారు ఊహించారు. చేతికందిన అయోడిన్ కలిపారు. మోత తగ్గింది! తరువాత వేరే ఎర్ర రంగులు కలిపితే తగ్గలేదు. అంటే పని చేసింది రంగు కాదు, అయోడినే. తప్పుడు ఊహ నుండి నిజమైన ఫలితం వచ్చింది. ఆ దారి పట్టుకొని ఎన్నో పదార్థాలను పరీక్షించి, 1921 డిసెంబరు 9న టెట్రా ఇథైల్ లెడ్ దగ్గర ఆగారు. పెట్రోలులో వెయ్యికి ఒక పాలు కూడా అవసరం లేకుండా మోత పూర్తిగా పోయింది.

సారాయి కలిపినా మోత తగ్గుతుందని వారికి తెలుసు. కాని సారాయిని ఎవరైనా కాయవచ్చు, దాని మీద పేటెంటు రాదు. సీసపు మందుకు వస్తుంది. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లోనే ఒక పెట్రోలు బంకులో అమ్మకం మొదలైంది. 1924లో ఏర్పడిన కంపెనీకి ఇథైల్ అని పేరు పెట్టారు. ఆ పేరులో సీసం అనే మాటే లేదు.

సీసం విషమని అప్పటికి తెలియదా అంటే, శతాబ్దాలుగా తెలుసు. మిడ్జ్‌లీ స్వయంగా 1923 ఆరంభంలో సీసపు విషంతో జబ్బు పడి, పని మాని విశ్రాంతికి వెళ్ళవలసి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ మందు తయారుచేసే కూలీలు మతి తప్పి, ఐదుగురు మరణించారు. ఆ నెలాఖరునే మిడ్జ్‌లీ పత్రికలవారిని పిలిచి, వారి ఎదుట ఆ ద్రవాన్ని తన చేతుల మీద పోసుకొని, సీసాను ముక్కు దగ్గర పెట్టుకొని ఒక నిమిషం పాటు పీల్చి చూపించాడు. 1925 మేలో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు ప్రజారోగ్యానికి ముప్పు అని గట్టిగా వాదించింది. ఆమె మాట చెల్లలేదు. సీసం ప్రపంచమంతా పాకింది.

చెల్లడానికి మరి 40 ఏళ్ళు పట్టింది. క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త రాళ్ళలోని సీసాన్ని కొలిచి భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్ళని 1950లలో తేల్చాడు. ఆ పనిలో ఎక్కడ చూసినా, గాలిలో, నీటిలో, తన ప్రయోగశాల దుమ్ములో, ఉండకూడని సీసం అడ్డు వచ్చింది. అది ఎక్కడి నుండి వస్తోందని వెదికి, మనుషుల ఒంట్లో సీసం సహజ స్థాయిని ఎంతగా మించిపోయిందో 1965లో ప్రకటించాడు. నా కారు విషయంలో మేస్త్రీ చేసినదే ఆయన భూగోళం విషయంలో చేశాడనిపిస్తుంది నాకు.

అమెరికాలో 1975 మోడళ్ళ నుండి కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. సీసం తగిలితే అవి పాడవుతాయి. అందువల్ల సీసం లేని పెట్రోలు తప్పనిసరైంది. ఫలితం పిల్లల రక్తంలో కనబడింది. 1976-80 మధ్య ఐదేళ్ళ లోపు పిల్లల్లో సగటున డెసిలీటరుకు 15 మైక్రోగ్రాములున్న సీసం, 1988-91 నాటికి నాలుగు లోపుకు దిగింది.

* * *

మన దేశానికి ఈ మార్పు ఆలస్యంగా వచ్చింది. సుప్రీంకోర్టులో ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యాలు దానికి ఒక ముఖ్యమైన ఒత్తిడి. 1994లో మహానగరాల్లో సీసం పాలు తగ్గించారు. 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులలో సీసం లేని పెట్రోలు కొత్త కార్లకు వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా అదే. డేటన్‌లో తొలి అమ్మకం జరిగి అప్పటికి 77 ఏళ్ళు.

ఆ మార్పుకు కొంచెం ముందు, 1990ల చివర, జార్జ్ ఫౌండేషన్ వారు హైదరాబాదుతో సహా కొన్ని పెద్ద నగరాల్లో రక్తపరీక్షలు జరిపారు. పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో సగం మందికి పైగా డెసిలీటరుకు 10 మైక్రోగ్రాముల సీసం దాటి ఉన్నారు. ఆ స్థాయిలో సీసం పిల్లల చదువునూ, ఏకాగ్రతనూ దెబ్బ తీస్తుంది. పైకి కనబడే జబ్బేమీ ఉండదు. నొప్పి లేదు, జ్వరం లేదు. నాన్నగారి ఇంజనులో ట్యాపెట్ల చప్పుడు తగ్గినట్టే, అదీ నిశ్శబ్దంగా జరిగే నష్టం.

ఇంజను మాట నిజమే. సీసం మండి మిగిల్చిన బూడిద, వాల్వుకూ సీటుకూ మధ్య పలుచని పొరగా పరచుకొని, ఎర్రగా కాలిన రెండు లోహాలు ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడేది. ఆ పొర పోయాక, గట్టిపరచని పోత ఇనుము సీటు నుండి ప్రతి దెబ్బకూ రవంత లోహం ఊడిపోతుంది. మా ఇంజనులో రెండో మూడో సిలిండర్ల పొగ ఒకే దారిన పోతుంది గనుక అక్కడ వేడి ఎక్కువ. అందుకే మూడోది ముందు పోయింది. 2000 జనవరిలో ఇంగ్లండులోనూ సీసపు పెట్రోలు అమ్మకం ఆగినప్పుడు, ఈ ఇంజను అన్నదమ్ములున్న పాత కార్ల యజమానులంతా ఇదే భయపడ్డారు.

కాని దానికి మందు ఎంత చిన్నదో చూడండి. మేస్త్రీ గారు హెడ్డు దింపారు. ఐదో వాల్వు అంచు ఎలుక కొరికిన అప్పడంలా ఉంది. హెడ్డును లేతు షాపుకు పంపి, నాలుగు ఎగ్జాస్టు సీట్లనూ తొలిపించి, గట్టిపరచిన ఉక్కు రింగులు దిగ్గొట్టించారు. కొత్త వాల్వులు పెట్టి, గ్రైండింగు పేస్టుతో నూరి కూర్చోబెట్టారు. మూడు రోజుల పని. అంతకుముందు వృథాగా పోసిన దానికంటే తక్కువే అయింది. ఆ తరువాత సీసం ఉన్నా లేకున్నా దానికి ఒకటే. వెనుక గొట్టం దగ్గర కాగితం పేలిక ఒకే తాళంలో బయటికి రెపరెపలాడింది. అమ్మ క్యారియరు గిన్నెలు మాట్లాడటం మానేశాయి.

ఒక్కో ఇంజనుకు నాలుగు ఉక్కు రింగులు సరిపోయాయి. పసితనంలో సీసం తిన్న మెదడుకు వేయడానికి అలాంటి రింగు లేదు. మందులతో రక్తంలో సీసాన్ని తగ్గించవచ్చు గాని, జరిగిన నష్టాన్ని వెనక్కు తీసుకురాలేరు. "మంచి బళ్ళను చంపుకొన్నారు" అన్న కోపంలో నేను పాలు పంచుకొన్నందుకు సిగ్గుపడింది అప్పుడే.

* * *

ఆ ఏడాది దసరాకు మేస్త్రీ గారిని చూడబోయాను. మిడ్జ్‌లీ చేతుల మీద సీసం పోసుకొన్న కథ చెప్పాను. ఆయన చాలాసేపు తన చేతులు చూసుకొన్నారు. పన్నెండో ఏట నుండి సాయంత్రం పని ముగియగానే గ్రీజు పోవడానికి పెట్రోలుతోనే చేతులు కడుక్కొన్నవారు. గొట్టం నోట పెట్టుకొని ట్యాంకుల నుండి పెట్రోలు లాగినవారు. ఆ సీసపు ద్రవం చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుంది.

"మాకెవరూ చెప్పలేదు బాబూ" అన్నారు.

షెడ్డు మూల పనికుర్రవాడు ఒకడు, పదహారేళ్ళుంటాయి, పెట్రోలు డబ్బాలో చేతులు ముంచి కడుక్కొంటున్నాడు. సీసం పోయినా పెట్రోలులో బెంజీను వంటి విషాలు పోలేదు. మేస్త్రీ గారు వాణ్ణి కేకేశారు: "ఒరే, ఆ డబ్బా అవతల పెట్టు. సబ్బూ, రంపపు పొట్టూ తీసుకో. ఇక మీదట అంతే."

ఆయన ఇప్పుడు లేరు. ప్రపంచంలో చిట్టచివరిగా అల్జీరియాలో సీసపు పెట్రోలు అమ్మకం ఆగిపోయిందని 2021 ఆగస్టులో ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం ప్రకటించిన రోజు ఆయన గుర్తుకు వచ్చారు. సీసం పూర్తిగా మనల్ని వదలలేదు. పాత బ్యాటరీలు కరగబెట్టే బట్టీల చుట్టుపక్కల పిల్లల్లో అది ఇంకా ఉంది. కాని రోడ్డు మీది గాలిలో నుండి పోయింది.

మా అంబాసిడరు ఇంకా ఉంది. నెలకోసారి బయటికి తీస్తాను. 2025 నాటికి మన పెట్రోలులో ఐదోవంతు ఇథనాలు చేరింది. నూరేళ్ళ క్రితం డేటన్‌లో పేటెంటు రాదని పక్కన పెట్టిన సారాయే అది. పాత రబ్బరు గొట్టాలకు అది సరిపడదని తెలిసి, పెట్రోలు పైపులూ, పంపు డయాఫ్రమూ ముందే మార్పించాను. ఈసారి జబ్బు వచ్చేదాకా ఆగలేదు.

నాన్నగారి నోటు పుస్తకంలో ఖాళీగా ఉన్న పుటల దగ్గర నుండి నేను వ్రాస్తున్నాను. పైపుల మార్పిడి తేదీ వేశాక, ట్యాపెట్లు పదిహేను థౌ దగ్గరే నిలిచి ఉన్నాయనీ, ఇంజను కాస్త టకటకమంటోందనీ వ్రాశాను. దాని పక్కన "సంతోషం" అని కూడా వ్రాశాను.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి పాత లెక్కల పుస్తకాలుంటే పారేయకండి. ఒకసారి తెరిచి చూడండి.